హెల్ప్ బటన్ నొక్కితే వీడియో రావాలి: ఆటోక్యాడ్ డైలాగ్ బాక్సు మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇది ఒక స్టీల్ డీటెయిలింగ్ ఆఫీసులో, అంటే ఉక్కు కట్టడాల భాగాలకు తయారీ డ్రాయింగులు గీసే ఆఫీసులో, చేసిన పని. ఊరు, కంపెనీ, క్లయింట్ల పేర్లు తీసేశాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

ఆఫీసులో ఇరవై పైచిలుకు సీట్లు. అమెరికాలో ఉక్కు భాగాలు తయారుచేసే ఫ్యాబ్రికేటర్లకు షాప్ డ్రాయింగులు (తయారీ డ్రాయింగులు) చేసి పంపుతారు. పెద్ద ఫ్రేములు టెక్లా అనే 3డీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. మెట్లు, హ్యాండ్‌రెయిల్స్, నిచ్చెనల్లాంటివి ఇప్పటికీ ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే, ఎందుకంటే వాటికోసం ఏళ్ల తరబడి రాసుకున్న లిస్ప్ రొటీన్లు (ఆటోక్యాడ్ లోపల నడిచే, లిస్ప్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాంలు) వాళ్ల దగ్గరున్నాయి. ఆటోక్యాడ్ వెర్షన్లు కలగాపులగం. కొన్ని సీట్లలో 2018, కొత్తగా కొన్న కొన్నింట్లో 2025. ఈ వెర్షన్ల సంగతి తర్వాత ప్రతి నిర్ణయంలోనూ అడ్డు తగిలింది కాబట్టి ముందే చెబుతున్నాను.

వాటిలో ఎక్కువ వాడేది మెట్ల రొటీన్. కమాండ్ కొడితే డైలాగ్ బాక్స్ వస్తుంది. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి ఎత్తు, రైజర్ (ఒక మెట్టు ఎత్తు), ట్రెడ్ (కాలు పెట్టే లోతు), మెట్ల వెడల్పు, స్ట్రింగర్ (మెట్లను మోసే పక్క దూలం) సెక్షన్, నోసింగ్ (మెట్టు ముందు అంచు) రకం, వర్కింగ్ పాయింట్ (కొలతలు మొదలుపెట్టే బిందువు), హెడ్‌రూమ్ (తలపైన ఖాళీ) అన్నీ అందులో నింపాలి. ఓకే కొడితే ఎలివేషన్, సెక్షన్ గీసేస్తుంది. అంకెలు తెలిసినవాడికి ఐదు నిమిషాల పని. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం అక్కడే చిక్కు. ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం రైజర్ 7 అంగుళాలు మించకూడదు, ట్రెడ్ 11 అంగుళాలకు తగ్గకూడదు అని పాఠం వింటారు. ఎత్తును రైజర్లతో భాగిస్తే సరిగ్గా తెగకుండా మిగిలిన అంకెను ఏం చేయాలో, వర్కింగ్ పాయింట్ ఎక్కడ పట్టుకోవాలో కాగితం మీద చెబితే ఎక్కదు. ఆ ఆఫీసు పద్ధతిలో నోసింగ్ లైను, ఫినిష్ ఫ్లోర్ గీత కలిసే చోటు వర్కింగ్ పాయింట్. ఈ ఒక్క వాక్యం చదివి గీయగలిగిన జూనియర్ నాకు ఇంతవరకు కనపడలేదు. గీసి చూపిస్తే మాత్రం ఒక్కసారికే పట్టుకుంటారు.

అందుకని అక్కడ డ్రాయింగులు సరిచూసే సీనియర్ చెకర్ ఒకాయన, అందరూ మాస్టారు అని పిలుస్తారు, స్క్రీన్ రికార్డ్ చేస్తూ తెలుగులో మాట్లాడి వీడియోలు తయారుచేశారు. ఇంగ్లిష్‌లో రాసిన మాన్యువల్ ఎవరూ తెరవట్లేదన్నది ఆయన బాధ. ఆ వీడియోలు డైలాగ్ బాక్సులోని హెల్ప్ బటన్ నొక్కితే రావాలన్నది మేనేజ్‌మెంట్ కోరిక. రొటీన్ రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశారు. ఆయన తర్వాత ఇద్దరు ముగ్గురు తోచినట్టు మార్పులు చేశారు. నన్ను పిలిచేసరికి హెల్ప్ బటన్ ఉంది, కోడూ ఉంది, వీడియో మాత్రం కొందరికే వస్తోంది.

వచ్చిన ఫిర్యాదు

నాకు ఫోన్‌లో చెప్పింది ఒకే మాట: "వీడియో రావట్లేదు." సీట్ల దగ్గరికెళ్లి ఒక్కొక్కర్నీ నొక్కి చూపించమంటే అది ఒక సమస్య కాదని తేలింది.

కొన్ని సీట్లలో బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. ఇంకొన్ని సీట్లలో వీడియోకి బదులు డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరుచుకుంటోంది. దాన్ని వైరస్ అనుకుని ఒకాయన ఐటీకి టికెట్ కూడా పెట్టారు. మూడో రకం సీట్లలో వీడియో చక్కగా వస్తోంది కానీ "ఆటోక్యాడ్ హ్యాంగ్ అయిపోతోంది సార్" అంటున్నారు.

లక్షణాలు మూడు, ఫిర్యాదు ఒకటి. ఇలాంటప్పుడు కోడ్ తెరిచే ముందు, ఏ సీటుకి ఏ లక్షణమో కాగితం మీద రాసుకోవడం నా అలవాటు. రాసుకుంటే అసలు సంగతి బయటపడింది. రొటీన్ ఫైలు అందరికీ ఒక్కటి కాదు. పాత కాపీలు కొందరి సీ డ్రైవ్‌లో ఉన్నాయి, కొత్త కాపీలు సర్వర్‌లో ఉన్నాయి. ఏ కాపీ ఎవరు మార్చారో ఎవరికీ తెలీదు.

మొదటి రెండు లక్షణాల కారణం

ఏమీ జరగని సీట్లలో ఉన్నది అసలు రచయిత కోడు. లిస్ప్‌లో బయటి ప్రోగ్రాం తెరవడానికి స్టార్ట్‌యాప్ అనే ఫంక్షన్ ఉంది. దానికి ప్రోగ్రాం పేరు, తర్వాత ఫైలు పేరు ఇస్తాం. అది ప్రోగ్రాంలను మాత్రమే తెరుస్తుంది. వీడియో ఫైలు పేరు నేరుగా ఇస్తే ఏ ప్లేయర్‌తో తెరవాలో దానికి తెలీదు. అందుకని ఆయన తన మెషీన్‌లోని వీఎల్‌సీ ప్లేయర్ పూర్తి పాత్ కోడ్‌లోనే రాసేశారు. ఆయన దగ్గరున్నది 32-బిట్ వీఎల్‌సీ. అది ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 ఫోల్డర్‌లో కూర్చుంటుంది. తర్వాత వచ్చిన మెషీన్లలో ఐటీవాళ్లు 64-బిట్ వేశారు, అది మామూలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటుంది. పాత్ తప్పింది, స్టార్ట్‌యాప్ నిల్ (పని జరగలేదని చెప్పే ఖాళీ విలువ) తిరిగిచ్చింది. ఆ నిల్‌ని కోడ్ ఎక్కడా చూడలేదు. అందుకే ఆ మౌనం.

డాక్యుమెంట్స్ ఫోల్డర్ కథ ఇంకా తమాషా. ఆయన తర్వాత వచ్చిన ఒకరు తెలివిగానే ఆలోచించారు. ప్లేయర్ పాత్‌తో గొడవెందుకు, విండోస్ ఎక్స్‌ప్లోరర్‌కి ఫైలు పేరిస్తే అది తనకు తెలిసిన ప్లేయర్‌తో తెరుస్తుంది కదా అని మార్చారు. ఆ ఊహ నిజమే. కానీ లిస్ప్ రాసేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. పాత్‌లో బ్యాక్‌స్లాష్ రాయాలంటే రెండుసార్లు కొట్టాలి కాబట్టి, చేతికి సులువుగా ఫార్వర్డ్ స్లాష్ రాసేస్తాం. ఆటోక్యాడ్ రెంటినీ ఒకేలా తీసుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్ తీసుకోదు. ఫార్వర్డ్ స్లాష్ పాత్ ఇస్తే అది ఎర్రర్ చెప్పకుండా డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిచి ఊరుకుంటుంది. ఈ గుణం ముందే తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది, తెలియనివాళ్లకు టెన్షన్.

మూడో లక్షణాన్ని అప్పటికి పక్కన పెట్టాను. ముందు వీడియో అన్ని సీట్లలో ఒకేలా తెరుచుకుంటే, హ్యాంగ్ అనేది వీడియో వల్లో కాదో తేల్చుకోవచ్చన్నది లెక్క.

తెరిచే దారి ఎంచుకోవడం

నా ముందు నాలుగు దారులున్నాయి. ఆటోక్యాడ్‌లో కమాండ్ల పొట్టి పేర్లు, బయటి కమాండ్లు ఉండే పీజీపీ ఫైలులో స్టార్ట్ అనే కమాండ్ ఉంది, దాన్ని కమాండ్ ఫంక్షన్‌తో పిలవచ్చు. కానీ డైలాగ్ బాక్స్ తెరిచి ఉన్నంతసేపూ కమాండ్ ఫంక్షన్ నడవదు. పాయింట్ అడగడం, గీతలు గీయడం, ఎంటిటీలు మార్చడం కూడా కుదరవు. పిలిస్తే 'ఆటోక్యాడ్ రిజెక్టెడ్ ఫంక్షన్' అని ఎర్రర్ వస్తుంది. అదలా పోయింది.

స్టార్ట్‌యాప్‌తో ఎక్స్‌ప్లోరర్‌ని పిలిచి, స్లాష్ సరిచేసి, ఖాళీలున్న పేర్ల చుట్టూ కొటేషన్లు పెడితే పని జరుగుతుంది. కానీ ఆ కొటేషన్లే తలనొప్పి. బటన్ చర్యను స్ట్రింగ్‌గా రాయాలి, దానిలోపల పాత్ స్ట్రింగు, దానిలోపల కొటేషన్లు, ప్రతిదానికీ ముందు బ్యాక్‌స్లాష్. ఒక్కటి తప్పితే మొత్తం పోతుంది. రేపు ఈ కోడ్ ముట్టుకునేది మాస్టారే తప్ప ప్రోగ్రామర్ కాదు.

విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌లోని రన్ పద్ధతి మూడోది. అందులో 'అయ్యేదాకా ఆగు' అనే ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో పెడితే ప్లేయర్ మూసేదాకా ఆటోక్యాడ్ నిజంగానే బిగుసుకుపోతుంది. ఆఫ్‌లో పెట్టి వాడొచ్చు, కానీ ఇందులోనూ కొటేషన్ల గొడవ తప్పదు.

చివరికి ఎంచుకున్నది విండోస్ ఇచ్చే షెల్ అప్లికేషన్ ఆబ్జెక్ట్‌లోని షెల్ఎగ్జిక్యూట్. విజువల్ లిస్ప్ (ఆటోక్యాడ్ లిస్ప్‌కి విస్తృత రూపం) నుంచి ఆ ఆబ్జెక్ట్ తయారుచేసి, ఫైలు పాత్ ఇచ్చి, ఓపెన్ అని చెప్పి, ఆబ్జెక్ట్ వదిలేయడమే. ఫైలు పేరు, ఆర్గ్యుమెంట్లు వేర్వేరు గళ్లలో వెళ్తాయి కాబట్టి ఖాళీలున్న పేర్లకూ కొటేషన్లు అక్కర్లేదు. ప్లేయర్ ఏదన్నది విండోస్ చూసుకుంటుంది. ఎమ్‌పీ4కి ఏ ప్లేయరూ కట్టి లేకపోతే దేనితో తెరవాలని విండోసే అడుగుతుంది. ఆ ప్రశ్న యూజర్‌కి కనపడటం మౌనంకన్నా వెయ్యి రెట్లు నయం.

పాత్ కూడా కోడ్‌లో రాయలేదు. డైలాగ్ నిర్వచనం ఉన్న డీసీఎల్ ఫైలు (డీసీఎల్ అంటే ఆటోక్యాడ్ డైలాగ్ బాక్సులు వర్ణించే భాష) ఎక్కడుందో ఫైండ్‌ఫైల్ అనే లిస్ప్ ఫంక్షన్‌తో వెతికించి, ఆ ఫోల్డర్‌లోనే వీడియోల ఫోల్డర్ ఉంటుందని తీసుకున్నాం. వీడియోల ఫోల్డర్‌ని ఆటోక్యాడ్ సపోర్ట్ పాత్‌లో (ఆటోక్యాడ్ ఫైళ్లు వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చలేదు. సర్వర్ ఫోల్డర్లు అందులో పేరుకుపోతే ప్రతి వెతుకులాటా నెమ్మదవుతుంది. ఫైండ్‌ఫైల్ ఎలాగూ బ్యాక్‌స్లాష్‌లతోనే తిరిగిస్తుంది కాబట్టి స్లాష్ గొడవ కూడా తీరింది. తెరిచే ముందు వీడియో ఫైలుందో లేదో మళ్లీ ఫైండ్‌ఫైల్‌తో చూసి, లేకపోతే డైలాగ్ అడుగున ఎర్రర్ టైల్‌లో 'ఈ వీడియో దొరకలేదు' అని ఫైలు పేరుతో సహా చూపించాం. డీసీఎల్‌లో ఓకే, క్యాన్సిల్, హెల్ప్, ఎర్రర్ వరస కలిపి ఒకే ముక్కగా ముందే తయారై ఉంటుంది. దాన్ని పెట్టుకుంటే చాలు.

పాత కాపీలన్నీ తీసేసి, సర్వర్‌లో ఒక్కటే ఉంచి, ఆ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ పాత్స్‌లో చేర్చారు. ఆటోక్యాడ్ 2014 నుంచి నమ్మకం లేని చోటున్న లిస్ప్ లోడ్ చేస్తే హెచ్చరిక వస్తుంది. దాన్ని చూసి భయపడి నో కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒక్క సీటులో ఇంకా ఫైలు దొరకలేదంది. చూస్తే ఆయన ఆటోక్యాడ్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరుస్తున్నారు. అలా తెరిస్తే మామూలు లాగిన్‌లో కలిపిన డ్రైవ్ అక్షరాలు కనపడవు. డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే పాత్ పెట్టాక అదీ కుదిరింది.

వీడియో అన్ని సీట్లలో వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు గోల.

వీడియో వచ్చాక బయటపడ్డ సమస్య

ఇప్పుడు అందరూ ఒకే మాట అంటున్నారు: ఆటోక్యాడ్ హ్యాంగ్.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ చెప్పకుండా, ఆమె ఏం చేస్తుందో చూడ్డమే నా పని. ఆమె మెట్ల కమాండ్ కొట్టింది, ఎత్తు నింపింది, వర్కింగ్ పాయింట్ దగ్గర ఆగింది, హెల్ప్ నొక్కింది. వీడియో వచ్చింది. మాస్టారు ఫ్లోర్ గీత మీద కర్సర్ పెట్టి "ఇదిగో ఇక్కడ" అన్నారు. ఆమె పాజ్ కొట్టి, డ్రాయింగ్‌లో అదే చోటు జూమ్ చేయబోయింది. టింగ్ మని శబ్దం. మళ్లీ నొక్కింది, మళ్లీ టింగ్. వీడియో విండో వెనకాల మెట్ల డైలాగ్ బాక్స్ తెరిచే ఉంది.

"చూడండి సార్, చూస్తూ చేద్దామంటే గీత ముట్టుకోనివ్వట్లేదు" అంది.

హ్యాంగేమీ కాదది. డీసీఎల్ డైలాగ్ బాక్సులన్నీ మోడల్ (modal) డైలాగులు. అంటే అది తెరిచి ఉన్నంతసేపూ ఆటోక్యాడ్ మరో క్లిక్ తీసుకోదు. 1992లో రిలీజ్ 12తో డీసీఎల్ వచ్చింది. అప్పట్నుంచీ దాని స్వభావం అదే. నింపు, ఓకే కొట్టు, వెళ్లు అన్న పనికి అది సరిపోతుంది. పక్కన వీడియో పెట్టుకుని చేత్తో చేసి చూసే పనికి అది పుట్టలేదు.

ఇక్కడ నా ఆలోచన దిశ మారింది. అంతవరకు ప్రశ్న 'వీడియోని ఎలా తెరవాలి' అన్నది. ఇప్పుడది 'వీడియో తెరిచే సమయానికి డైలాగ్ తెరిచి ఉండాలా వద్దా' అన్నదైంది. జూనియర్‌కి కావాల్సింది వీడియో ఒక్కటే కాదు, చూసినదాన్ని వెంటనే తన డ్రాయింగ్ మీద వెతుక్కోవడం.

పనికిరాని ప్రత్యామ్నాయాలు

వీడియోని డైలాగ్ బాక్సులోపలే ఆడించమని మేనేజర్ అడిగారు. డీసీఎల్‌లో ఇమేజ్ టైల్ ఉంది కానీ అందులో రంగు నింపడం, గీతలు గీయడం, ఆటోక్యాడ్ స్లైడ్ చూపించడం తప్ప ఇంకేం రావు. కదిలే బొమ్మ మాట అటుంచి, ఫొటో కూడా రాదు. ఒకవేళ ఆడినా మోడల్ సమస్య పోదు.

డీసీఎల్‌కి బదులుగా ఓపెన్‌డీసీఎల్ అనే అదనపు టూల్ వాడితే మోడ్‌లెస్ డైలాగులు చేసుకోవచ్చు, డైలాగ్ తెరిచి ఉండగానే గీసుకోవచ్చు. దానికి ప్రతి మెషీన్లో రన్‌టైమ్ వేయాలి. అడ్మిన్ హక్కులు లేని ఆఫీసులో ప్రతి కొత్త సీటుకీ ఐటీ చుట్టూ తిరగాలి. డాట్‌నెట్‌లో ప్యాలెట్ (పని చేస్తూ తెరిచి ఉంచుకునే ప్యానెల్) రాయొచ్చు, నిజానికి అదే అందమైన దారి. కానీ 2025 వెర్షన్‌తో ఆటోక్యాడ్ డాట్‌నెట్ 8కి మారింది, అంతకుముందువి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్. ఈ ఆఫీసులో రెండు రకాలూ ఉన్నాయి, అంటే రెండు కాపీలు కంపైల్ చేసి పోషించాలి. ఒక హెల్ప్ బటన్ కోసం అంత బరువు మోయించడం నాకు ఇష్టంలేదు. డైలాగ్ మొత్తాన్నీ తిరగరాసే రోజొస్తే అప్పుడు ప్యాలెట్ గురించి మాట్లాడదాం అన్నాను.

డైలాగ్ మూసి, తర్వాత తెరవడం

డీసీఎల్‌లో దీనికి పాత పద్ధతొకటి ఉంది. తెర మీద పాయింట్ చూపించమనే బటన్లకు అందరూ వాడేదే. హెల్ప్ నొక్కగానే వీడియో తెరవకుండా, డైలాగ్ మూసే డన్ డైలాగ్ ఫంక్షన్‌ని ఒక అంకెతో పిలుస్తాం. క్యాన్సిల్‌కి 0, ఓకేకి 1 ఉంటాయి కాబట్టి మనం 2 వాడతాం. డైలాగ్ మూసుకుంటుంది, దాన్ని నడిపిన స్టార్ట్ డైలాగ్ ఫంక్షన్ ఆ 2ని తిరిగిస్తుంది. అప్పుడు, డైలాగ్ లేని సమయంలో, వీడియో తెరుస్తాం. తర్వాత లూపు తిరిగి డైలాగ్ మళ్లీ తెరుచుకుంటుంది.

మొదటి రూపం అలాగే చేశాం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: డైలాగ్ మూసుకుంటే యూజర్ నింపినవన్నీ పోతాయి. అందుకని డన్ డైలాగ్‌కి ముందే ప్రతి గడిలో ఉన్నదీ చదివి జాబితాగా దాచుకోవాలి, మూశాక చదవడం కుదరదు. సరైన విలువా కాదా అన్న పరీక్ష ఈ దారిలో పెట్టకూడదు. సగం నింపి, తెలియక హెల్ప్ కోసం వచ్చినవాణ్ణి 'రైజర్ ఖాళీగా ఉంది' అని గదమాయిస్తే ఇంకోసారి ఆ బటన్ జోలికి రాడు. డన్ డైలాగ్ తిరిగిచ్చే పాయింట్‌ని దాచి, డైలాగ్‌ని మళ్లీ సిద్ధం చేసే న్యూ డైలాగ్ ఫంక్షన్‌కి ఇస్తే బాక్సు పాత చోటే తెరుచుకుంటుంది.

ఇదంతా పద్ధతిగా నడిచింది, కానీ పనికి రాలేదు. వీడియో తెరుచుకున్న మరుక్షణం లూపు డైలాగ్‌ని మళ్లీ తెచ్చి పెడుతుంది. మళ్లీ టింగ్. మొదటికే వచ్చాం. పాయింట్ చూపించే బటన్లకు ఈ లూపు సరిపోతుంది, ఎందుకంటే యూజర్ పాయింట్ చూపించేదాకా రొటీన్ ఆగుతుంది. వీడియో విషయంలో ఆగాల్సింది ఎప్పటిదాకో రొటీన్‌కి తెలీదు. వీడియో అయ్యేదాకా ఆగడమూ కాదు, అసలు ఆమెకు కావాల్సింది వీడియో మధ్యలో ఆపి గీయడం.

అందుకని లూపు తీసేశాం. హెల్ప్ నొక్కితే విలువలు దాచుకో, డైలాగ్ మూసెయ్, వీడియో తెరువు, రొటీన్ ముగించు. కమాండ్ లైన్లో ఒక మెసేజ్: మీరు నింపినవి అలాగే ఉన్నాయి, మళ్లీ తెరవడానికి ఎంటర్ కొట్టండి. ఆటోక్యాడ్‌లో ఖాళీ ఎంటర్ చివరి కమాండ్‌ని మళ్లీ నడుపుతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. మధ్యలో లైనో సర్కిలో గీస్తే ఎంటర్ దాన్నే పిలుస్తుంది, అప్పుడు మెట్ల కమాండ్ పేరు కొట్టుకోవాలి. ఆ మాట కూడా మెసేజ్‌లో రాశాం.

మేనేజర్‌కి ఇది నచ్చలేదు. "డైలాగ్ మాయమైపోతే భయపడరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చూడ్డానికి ఒక బటన్, చేస్తూ చూడ్డానికి ఇంకో బటన్ పెడదామా అని కూడా చర్చించాం. రెండు బటన్లు పెడితే ఏది నొక్కాలన్న సందేహానికి ఇంకో వీడియో తీయాల్సి వస్తుంది. ఒకటే ఉంచాం. హెల్ప్ అన్న పేరు మార్చి 'మూసి వీడియో చూడు' అన్న అర్థం వచ్చేలా బటన్ మీద రాశాం. ముందే చెబితే భయం ఉండదు.

వారం తిరక్కుండా ఒక కొత్త ఫిర్యాదు: "నింపినవి పోయాయి." కారణం చూస్తే ముచ్చటేసింది. వీడియో చూసి, అసలు డ్రాయింగ్ పాడుచేయడం ఇష్టంలేక కొందరు కొత్త డ్రాయింగ్ తెరిచి అక్కడ ప్రాక్టీస్ చేస్తున్నారు. అక్కడ మెట్ల కమాండ్ కొడితే గళ్లు ఖాళీ. లిస్ప్‌లో గ్లోబల్ వేరియబుల్ అన్నది ఆ డ్రాయింగ్ వరకే. పక్క డ్రాయింగ్‌కి అది కనపడదు. విజువల్ లిస్ప్‌లో అన్ని డ్రాయింగులకూ ఉమ్మడిగా బ్లాక్‌బోర్డ్ అనే చోటు ఉంది. దాచుకునే జాబితాని వీఎల్-బీబీ-సెట్‌తో అక్కడ పెట్టాం. ఆటోక్యాడ్ మూసేస్తే అదీ పోతుంది, కానీ ఆ పూట పనికి చాలు.

ఏ వీడియో?

మాస్టారి రికార్డింగులు మొదట ఒక్కొక్కటి క్లాసు పాఠమంత పొడుగు. వీఎల్‌సీకి ఫలానా సెకను నుంచి మొదలుపెట్టమని చెప్పే ఆప్షన్ ఉంది, దాన్ని వాడొచ్చు కదా అని ఒక సూచన వచ్చింది. అలా చేస్తే మళ్లీ ఒకే ప్లేయర్‌కి కట్టుబడతాం, ఏ గోతిలోంచి బయటికొచ్చామో అందులోకే. వీడియోల్నే గడికొకటి చొప్పున ముక్కలు చేయించాం.

యూజర్ ఏ గడి దగ్గర ఆగాడో కనిపెట్టి దాని వీడియో తెరిస్తే బాగుంటుందనిపిస్తుంది. డీసీఎల్‌లో ఎడిట్ బాక్స్ వదిలి వెళ్లినప్పుడు మన కోడ్‌కి పిలుపు (కాల్‌బ్యాక్) వస్తుంది, దాని కారణం కోడూ తెలుస్తుంది. కానీ గడిని ముట్టుకోకుండా నేరుగా హెల్ప్ దగ్గరికి వచ్చినవాడి మనసులో ఏ గడి ఉందో ఆ కోడ్ చెప్పలేదు. తప్పు వీడియో తెరవడంకన్నా అడగడం మేలు. బటన్ పక్కన ఒక పాపప్ లిస్ట్ పెట్టి అందులో అంశాల పేర్లు ఉంచాం. ఆ పేర్లు, ఫైళ్ల పేర్లు ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో వరసకొకటి ఉంటాయి. కొత్త వీడియో చేర్చాలంటే మాస్టారు నోట్‌ప్యాడ్‌లో ఒక వరస కలిపితే చాలు, లిస్ప్ ముట్టుకోనక్కర్లేదు.

పాత రికార్డింగుల్లో కొన్ని ఏవీఐ ఫైళ్లు, స్క్రీన్ రికార్డర్ సొంత కోడెక్‌తో (వీడియోని కుదించి, విప్పే పద్ధతితో) చేసినవి. ఆ కోడెక్ లేని మెషీన్లో మాట వినపడుతుంది, తెర నల్లగా ఉంటుంది. అన్నింటినీ హెచ్.264 ఎమ్‌పీ4లోకి మార్పించాం. ఫోన్‌తో తీసిన ఒకటి రెండు హెచ్‌ఈవీసీలో ఉన్నాయి, వాటికి విండోస్‌లో విడిగా ఎక్స్‌టెన్షన్ కావాలి కాబట్టి అవీ మార్చాం. ఇంకో సంగతి: మొత్తం తెర రికార్డ్ చేసి చిన్న విండోలో చూస్తే అంకెలు కనపడవు. డ్రాయింగ్ పక్కన పెట్టుకుని చూసేవాడి దగ్గర ప్లేయర్ విండో ఎప్పుడూ చిన్నదే. డైలాగ్, దాని చుట్టూ కొంచెం చోటు మాత్రమే రికార్డ్ చేయమని మాస్టారికి చెప్పాం.

ఏం మారింది, ఏం నేర్చుకున్నాం

అదే అమ్మాయి దగ్గర మళ్లీ కూర్చున్నాను. వీడియో ఎడమ పక్కన, ఆటోక్యాడ్ కుడి పక్కన. పాజ్, గీత, ప్లే, గీత. తర్వాత కమాండ్, వర్కింగ్ పాయింట్ గడి, ఓకే. మాస్టారిని పిలవలేదు. ఆయన దగ్గరికి వెళ్లే ప్రశ్నలు ఆగిపోలేదు కానీ, గడిలో ఏం రాయాలన్న ప్రశ్నలు తగ్గి, ల్యాండింగ్ దగ్గర స్ట్రింగర్ ఎలా తిప్పాలి లాంటి అసలు డీటెయిలింగ్ ప్రశ్నలు పెరిగాయని ఆయనే చెప్పారు.

ఎవరెవరు వీడియోలు చూస్తున్నారో లాగ్ చేయమని మేనేజ్‌మెంట్ అడిగింది. లిస్ప్‌లో అది రెండు వరసల పని. పేరు లేకుండా, ఏ అంశం, ఏ తేదీ అన్నంతవరకే రాయడానికి ఒప్పుకున్నాను. హెల్ప్ నొక్కితే పేరు పైకెళ్తుందని తెలిస్తే ఎవరూ నొక్కరు, అప్పుడు ఇంత శ్రమా దండగ. ఆ లాగ్‌లో అందరూ ఊహించిన వర్కింగ్ పాయింట్‌కన్నా హెడ్‌రూమ్ వీడియో ఎక్కువసార్లు కనపడింది. మాస్టారు దాన్ని మళ్లీ, నెమ్మదిగా, రికార్డ్ చేశారు.

ఇలాంటి పని చేయబోయేవాళ్లు ఫిర్యాదు వినగానే స్టార్ట్‌యాప్‌లో చేతులు పెట్టకుండా, ముందు ఒక యూజర్ పక్కన కూర్చుని వీడియో తెరుచుకున్న తర్వాత అతని చేతులు ఎటు పోతున్నాయో చూడండి. మా కేసులో తెరిచే కోడ్ పది వరసలు దాటలేదు. శ్రమంతా మూయడం, దాచుకోవడం, మళ్లీ నింపడంలోనే ఉంది. కోడ్ ఎక్కడ ఆగిపోయినా యూజర్‌కి ఒక మాట కనపడేలా పెట్టండి. నిల్‌ని పట్టించుకోని ఆ ఒక్క పాత వరస వల్లే ఇంత కాలం ఎవరికీ ఏం జరుగుతోందో తెలియలేదు.

మిగిలినవి రెండున్నాయి. ఇంటి నుంచి వీపీఎన్‌లో పనిచేసే ఇద్దరికి వీడియో ఆగి ఆగి వస్తోంది. వాళ్ల మెషీన్లలోకి రాత్రిపూట రోబోకాపీ అనే విండోస్ కాపీ టూల్‌తో వీడియోల ఫోల్డర్ దించే ఏర్పాటు ఐటీవాళ్లు చేస్తున్నారు. రొటీన్ ముందు ఆ లోకల్ ఫోల్డర్ చూసి, లేకపోతేనే సర్వర్‌కి వెళ్తుంది.

రెండోది మాస్టారికి నచ్చనిది. ఆయన ఫైళ్లకు, అంశాలకు తెలుగులో పేర్లు పెట్టారు. 2018 సీట్లలో పాపప్ లిస్ట్‌లో చెత్త అక్షరాలు వచ్చాయి. విండోస్‌లో తెలుగుకి పాతకాలపు ఆన్సీ కోడ్ పేజీ (అక్షరాలకు అంకెలిచ్చే పట్టిక) అసలు లేదు, యూనికోడ్ ఒక్కటే దిక్కు. ఆటోలిస్ప్‌కి యూనికోడ్ పూర్తిగా వచ్చింది 2021 వెర్షన్ నుంచి, లిస్ప్‌సిస్ సెట్టింగ్‌తో. అందుకని ప్రస్తుతానికి ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, అంశాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో ఉన్నాయి. పాత సీట్లు మారాక జాబితా ఫైలు తిరగరాస్తానని మాస్టారు తెలుగు పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారు.